గడియారం పెట్టుకుని మాయ చేసినాయన

ఆ సెల్లు పక్కన పడేసి దగ్గరికి జరగండి. కంపలు కొంచెం లోపలికి తోయ్ రా చిన్నోడా, పొగంతా నా మొగానికే కొడతాంది. శెనక్కాయలు కాలేదానికి ఇంకా శానా సేపుంది. పొద్దున మీరంతా టీవీ ముందర కూర్చోని మాయాబజార్ చూసి పడీ పడీ నవ్వినారు గదా, అది తీసినాయన యాడోడో మీలో ఒక్కరికన్నా తెలుసునా? మద్రాసాయన కాదు, బెజవాడాయన కాదు. మన తాడిపత్రి మనిషి.

కదిరి వెంకటరెడ్డి అని పేరు. సినిమాల్లో కె.వి.రెడ్డి. 1912 జులై 1న పుట్టినాడు. కదిరి అనేది ఇంటిపేరు, ఊరు కాదు. కదిరోళ్ళు ఎవురన్నా వచ్చి ఆయన మావోడే అంటే నమ్మొద్దండి.

జనం ఆయన పేరెత్తితే మాయలూ మంత్రాలూ అంటారు. లడ్డూలు ఎగిరేది, మేడలు ఎగిరేది, ఘటోత్కచుడు ఆకాశమంత పెరిగేది, అవే చెప్తారు. నేనైతే ఆయన్ను లెక్కల మనిషంటా. ఆ మాయంతా అడుగు ఎక్కువ లేకుండా, అడుగు తక్కువ లేకుండా లెక్కగట్టి చేసిందే. ఇది ఎవురో అంటే విని చెప్పే మాట కాదు. ఆయన సినిమా నాకు తెరమీది కంటే ముందు చేతికొచ్చింది.

యెట్లంటారా? మీసాలు రాకముందే నేను మన పక్కూరి టూరింగ్ టాకీసులో చేతికింద పిల్లోనిగా చేరినా. ఇప్పుడా జాగాలో బండల పాలిషింగ్ మిషన్లున్నాయి. అప్పుడు పెద్ద డేరా, చుట్టూ తడికెలు, లోపల ఇసక పోసిన నేల. ఆడోళ్ళు ఒక పక్క, మొగోళ్ళు ఒక పక్క, నడుమ ఒక తాడు. వెనకాల బెంచీలు, వాటెనకాల నాలుగు మడతకుర్చీలు, అవి కరణానికీ, ఊరి రెడ్డికీ. రీళ్ళ పెట్టె గుంతకల్లు నుంచి రైల్లో వస్తాండె. అప్పటి మన నాలుగు జిల్లాలనూ సినిమా వాళ్ళు సీడెడ్ అంటారు, ఇప్పటికీ అదే మాట. మనకు సినిమాలు పంచే ఆఫీసులు గుంతకల్లులో శానా ఉండె. స్టేషన్ కాడికి పోయి ఆ పెట్టెలు దింపుకోని బండి మీద తెచ్చేది నా పని. సాయంత్రం ఘంటసాల పాడిన వెంకటేశ్వరసామి పాట రికార్డు మైకులో వేస్తే టికెట్లు మొదలైనట్లు. ఆ పాట వినపడితే చాలు, ఆడోళ్ళు పొయ్యి మీది సంగటి గబగబా కెలికి దించేసి, చంకలో పిల్లను, చేతిలో చాపను ఎత్తుకోని వచ్చేవాళ్ళు.

మాకు ఒకటే మిషను. రీలు అయిపోతే దీపమేసి ఇంకోటి ఎక్కించాల. అయిపోయినదాన్ని చేత్తో తిప్పి మల్ల వెనక్కి చుట్టేది నేను. తెగిన కాడ గీకి, ఫిలిం సిమెంటు పూసి అతికేది గూడా ఆపరేటరన్న నేర్పించినాడు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. నిమిషానికి 90 అడుగులు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, పనుంది.

ఇంగ ఆయన సంగతికొస్తా. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు డిగ్రీ చదివినాడాయన. ఆ కాలంలో మన సీమ పిల్లోడు అంత చదువు చదివితే ఏ సర్కారు ఆఫీసులోనో కుర్చీ వేసుకోని కూర్చోవాల్సిందే. ఈయనకు ఊర్లో చిన్ననాటి స్నేహితుడొకాయన ఉండె, మూలా నారాయణస్వామి అని. దుడ్లున్న వ్యాపారస్థుడు. ఆయన, పులివెందుల పక్క కొత్తపల్లె బి.ఎన్.రెడ్డి, ఇంకా కొందరు కలిసి మద్రాసులో వాహినీ సంస్థ పెట్టినారు. బి.ఎన్. తమ్ముడే నాగిరెడ్డి. మేము చదువుకున్న చందమామ ఆయనదే, చక్రపాణితో కలిసి నడిపిన విజయా సంస్థ ఆయనదే. తెలుగు సినిమా అంటే కృష్ణా, గుంటూరు అంటారు గానీ, దానికి మద్రాసులో స్టూడియో గోడలు లేపిన వాళ్ళలో మన కరువు సీమోళ్ళు ముందరుండారు. ఇది కొంచెం పొగరుగానే చెప్తాండా. మీ తెనాలి మామ వింటే ఒప్పుకోడు, చక్రపాణి మావోడే గదా అంటాడు. అదీ నిజమే.

వాహినీ వాళ్ళు 1939లో వందేమాతరం, ఆ తర్వాత సుమంగళి, దేవత తీసినారు. ఆ మూడిటికీ డైరెక్టర్ బి.ఎన్.రెడ్డి. మన వెంకటరెడ్డి ఏం చేస్తాండె? లెక్కలు చూసేది, ప్రొడక్షన్ నడిపేది. ఎవురికి ఎంత ఇయ్యాల, సెట్టుకు ఎంత కర్ర, ఎంత గుడ్డ, ఎన్ని అడుగుల ఫిలిం. అప్పుడు ముడి ఫిలిం పరదేశం నుంచి రావాల. ఒక సీను బాగలేదని రెండోసారి తీస్తే ఎంత దుడ్డు మట్టిలో పోయిందో పుస్తకంలో రాసి చూపించాల్సినోడు ఈయనే. దుడ్ల పెట్టె పక్కన కూర్చోని సినిమా నేర్చుకున్నోడు మల్ల జన్మలో ఫిలిం పారేస్తాడా?

ఆయన్ను నమ్మి బి.ఎన్.రెడ్డి భక్త పోతన చేతికిచ్చినాడు. 1943 మొదట్లో వచ్చింది. చిత్తూరు నాగయ్య పోతన. భాగవతం రాజుకు అంకితమియ్యనని మడక పట్టిన కవి కథ గదా, రైతులకు భలే పట్టింది. మా నాయన బండి కట్టుకోని పోయి చూసొచ్చినాడు. తెర మీద నాగయ్య కనపడంగానే పక్కనున్న ముసలాయన లేచి దండం పెట్టినాడంట. ‘అది నాగయ్యప్పా, పోతన కాదు’ అని మా నాయన అంటే, ‘నాకు తెలుసులే, నువ్వు కూచో’ అన్నాడంట.

మల్ల 1947లో యోగి వేమన. అదీ నాగయ్యే. వేమన సమాధి మన పాత జిల్లాలోనే ఉండె గదా, కదిరి పక్క కటారుపల్లెలో. మిమ్మల్ని తీసుకపోతా ఒకసారి. పేరొచ్చినంత దుడ్లు రాలేదా సినిమాకు. నన్నడిగితే ఆయన తీసినవాటిల్లో అంత బరువైన సినిమా ఇంకోటి లేదు. సుఖాలు మరిగిన మనిషి ఒక్కొక్కటీ ఇడిచిపెట్టేది నాగయ్య మొగంలో చూడాల.

1949 ఆఖర్లో గుణసుందరి కథ. మీ జేజికి ఇప్పటికీ అదే ఇష్టం. ముగ్గురు కూతుళ్ళు, తండ్రి మీద ఎవురికి ఎంత ప్రేమో చెప్పమంటాడు రాజు. చిన్నది నిజం చెప్తాది, దాని మీద కోపమొస్తుంది. ఇంగ్లీషు వాళ్ళ షేక్‌స్పియర్ రాసిన లియర్ రాజు కథ అది. దాన్ని తెచ్చి మన వ్రతాలు, నోములు, శాపాలు, దేవుళ్ళతో కలిపి, మన జేజమ్మలు చెప్పిన కథే అన్నంతగా మార్చేసినారు. హీరో ఎవురు? కస్తూరి శివరావు. హాస్యగాడు! అందగాణ్ని పెట్టాలని ఎవురూ అనలేదా అంటే, అనుంటారు. ఈయన వినే రకం కాదు. దానికి మాటలు, పాటలు రాసినాయన పింగళి నాగేంద్రరావు. ఆ జత కుదిరినాక ఇంగ చూడండి.

పాతాళభైరవి. 1951 మార్చిలో వచ్చింది, విజయా వాళ్ళ రెండో సినిమా. తోటరాముడు రాజుగారి కూతుర్ని ఇష్టపడతాడు, నేపాళ మాంత్రికుడు వాణ్ని బలియ్యాలని చూస్తాడు. కాశీమజిలీ కథలు కొంత, అల్లావుద్దీన్ దీపం కొంత, మిగిలిందంతా పింగళి బుర్ర. తోటరాముడు వేసిన ఎన్.టి.రామారావు అప్పటికి కొత్త పిల్లోడు. అక్కినేని నాగేశ్వరరావును పెడదామనుకున్నారంట ముందు. ఒకరోజు ఇద్దరూ టెన్నిస్ ఆడతాంటే, బంతి తప్పిపోయిందని రామారావుకు రోషమొచ్చి బ్యాటు ఇసిరినాడనీ, అది చూసి వెంకటరెడ్డి మా తోటరాముడు ఇట్లాంటోడే అన్నాడనీ చెప్పుకుంటారు. సినిమా వాళ్ళ ముచ్చట, పెరిగి పెరిగి ఇట్లయిందేమో. కానీ ఆ సినిమా చూస్తే నమ్మబుద్ధవుతుంది. తోటమాలి కొడుకు రాజు ముందర తలొంచకుండా నిలబడితే, ఆ నిలబడేది వేషం కాదు.

ఇంగ ఎస్.వి.రంగారావు! ఆ గడ్డం, ఆ దండం, మాటకు మాటకు ‘డింభకా’ అనే ఆ గొంతు. మా బడిలో అయ్యవారు లేకుంటే ప్రతి పిల్లోడూ మాంత్రికుడే. పాతాళభైరవి వేషం కట్టిన గిరిజ తెర మీద ప్రత్యక్షమైతే మన డేరాలో టెంకాయలు కొట్టినారు. పొగ ఎక్కువై తెర కనపడక రీలు ఆపాల్సి వచ్చింది. 1952లో మన దేశంలో మొట్టమొదటిసారి దేశదేశాల సినిమాల పండగ జరిగితే, దక్షిణాది నుంచి పోయిన సినిమా అదేనంట. తోటరాముడు ఢిల్లీ, బొంబాయి పెద్దోళ్ళ ముందర గూడా నిలబడినాడన్నమాట.

ఈయన మాయలు తప్ప ఇంకోటి తెలీనోడని అనుకోవద్దండి. 1954లో పెద్దమనుషులు అని తీసినాడు. ఒక ఊరి మునిసిపల్ చైర్మన్. ఊరంతా దండం పెడతారు, లోపలంతా కుళ్ళు. ఇబ్సెన్ అని నార్వే నాటకాలాయన ఉండె, ఆయన నాటకం ఒకటి ఆధారం. డి.వి.నరసరాజుకు రాసేదానికి అదే మొదటి సినిమా. గౌరీనాథశాస్త్రి ఆ చైర్మన్ వేషం యెట్ల చేసినాడంటే, యాడా కేకలెయ్యడు, మీసం తిప్పడు. మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడే దొంగను ఆ రోజుల్లో తెర మీద చూసేది కొత్త. ఊర్లో నిజం చెప్పేటోడు ఒకడే, తిక్క శంకరయ్య. రేలంగి వేసినాడు. నిజం చెప్తాడు గాబట్టి వాణ్ని పిచ్చోడంటారు. తెలుగులో ఉత్తమ చిత్రమని ఢిల్లీ వాళ్ళు వెండి పతకమిచ్చినారు దానికి. మన డేరాలో ఆ సినిమా ఆడినప్పుడు మడతకుర్చీల్లో ఉన్నోళ్ళు సగం సినిమాకు లేచి పొయినారు. కారణం నేను చెప్పను, మీరే ఊహించుకోండి.

మరుసటేడు దొంగరాముడు. నాగేశ్వరరావు వాళ్ళు అన్నపూర్ణా సంస్థ పెట్టుకోని, మొదటి సినిమా వెంకటరెడ్డిగారే తియ్యాలని ఏండ్లు కాచుకోనుండి తీయించుకున్నారు. అంత గిరాకీ ఆయనకు. సినిమా బాగుంటుంది, చూడండి ఒకసారి. నాకు మాయాబజార్‌కు పోవాలని తొందరగా ఉంది.

మాయాబజార్‌లో ఉండే శశిరేఖ కథ వ్యాసుని భారతంలో లేదు. నాటకాలోళ్ళు పెంచుకున్న కథ అది. సురభి నాటకాలోళ్ళు మన కడప జిల్లాలో పుట్టినోళ్ళే, 1885లో సురభి అనే పల్లెలో మొదలుపెట్టినారు. వాళ్ళు స్టేజీ మీదనే తీగలు కట్టి, తెరలు లాగి ఎన్ని మాయలు చేస్తాండ్రి! సినిమాగా గూడా 1936లోనే ఒకసారి వచ్చింది. అంటే జనానికి కథంతా ముందే తెలుసు. ఏమవుతుందో తెలిసిన కథను మూడుగంటల పైచిలుకు కూర్చోబెట్టి చెప్పాల. అది 1957 మార్చి 27న వచ్చిన మాయాబజార్.

ఒకటి గమనించినారా మీరు? సినిమా అంతా పాండవుల సంగతే. అభిమన్యుడు పాండవుల కొడుకు, ఘటోత్కచుడు పాండవుల కొడుకు, మోసపోయింది పాండవులు. మరి ధర్మరాజు యాడ? భీముడు యాడ? ఒక్క పాండవుడు గూడా తెర మీదికి రాడు. చూసినవాళ్ళలో ఎక్కువమంది ఆ మాటే గుర్తించరు. అర్జునుడొస్తే ఎవురు వేషం కట్టాల, ఆయనకు ఒక పద్యం పెట్టాల, భీముడొస్తే గద తిప్పాల, పదిహేను నిమిషాలు కరిగిపోతాయి. కథకు పనికిరాని మనిషిని, ఎంత పెద్దోడైనా, గడప దాటనియ్యలేదు. లెక్కల మనిషన్నది ఇందుకే.

ఆయన స్టాప్‌వాచీ ముచ్చట ఇప్పుడు చెప్పాల. ఆయన కాడ చేతికింద పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ఎన్నోసార్లు చెప్పినాడు. షూటింగ్ మొదలుపెట్టక ముందే స్క్రిప్టు మాటతో సహా ఖాయం. ఒకసారి ఖాయమైతే ఒక్క పదం గూడా సెట్లో మారదు. ఏ సీను ఎన్ని నిమిషాలు రావాలో చేతిలో గడియారం పెట్టుకోని కొలుస్తాడు. నటుడు సాగదీస్తే మల్ల తియ్యడమే. ఇప్పుడు నేను చెప్పిన లెక్క వేసుకోండి. సీను నాలుగు నిమిషాలని ముందే తెలిస్తే, 360 అడుగులు. సినిమా మొత్తం ఎన్ని అడుగులొస్తుందో కెమెరా తిప్పకముందే ఆయన పుస్తకంలో ఉంటాది. వేరే వాళ్ళు ఇంతంత తీసి, గదిలో కూర్చోని కత్తిరించి పారేస్తాండ్రి. ఈయనకు పారేసేదానికి ఏమీ మిగలదు. ఫిజిక్సు చదివిన బుర్ర, దుడ్ల పుస్తకం రాసిన చెయ్యి రెండూ ఆ వాచీలో ఉండాయి.

నేను ఆ రీళ్ళు చుట్టినా గదా, లడ్డూల సీనొచ్చే రీలు దొరికితే లాంతరు ముందర పెట్టుకోని ఒక్కొక్క బొమ్మా చూసేవాణ్ని. దారం యాడన్నా కనపడుతుందేమో అని. ఒక్కో బొమ్మలో లడ్డు వెంట్రుకవాసి జరుగుతుంది, అంతే. దారం లేదు, చెయ్యి లేదు. ‘ఫిలిం మాడిపోతాది, లాంతరు దూరం జరుపు దొంగనాయాలా’ అని ఆపరేటరన్న నెత్తిన ఒకటిచ్చేవాడు. కంప్యూటరు లేదు, ఏమీ లేదు. కెమెరా ఆపేది, వస్తువు జరిపేది, మల్ల తిప్పేది. ఒకే ఫిలిం మీద రెండుసార్లు బొమ్మ పట్టేది. బొమ్మరిల్లంత ఊరు కట్టి ద్వారక అనిపించేది. ఇదంతా చేసిన కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే, ఆంగ్లో-ఇండియన్. మలయాళంలో చెమ్మీన్ పట్టింది గూడా ఈయనే. తెలుగు నాటకాల మాయలు ఆయన కంటితో చూసి పట్టుకున్నాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. పడవ మీద పాటలో వెన్నెల ఉంటుంది గదా, మీ జేజి అది చూసి ‘ఆ పొద్దు పున్నమేమో’ అంటాది. పున్నమి కాదు, ఏమీ కాదు, దీపాలు పెట్టి ఆయన చేసిన వెన్నెల.

2010లో ఆ సినిమాకు రంగులేసినారు. తాడిపత్రికి పోయి చూసినా. జనం బాగానే వచ్చినారు. రంగులు నాకు రుచించలేదు. బార్ట్‌లే ఆ దీపాలు పెట్టింది నలుపుకూ తెలుపుకూ నడుమ నీడల కోసం. దాని మీద పసుపు, ఎరుపు పూస్తే వెన్నెల యాడికి పోతాది? మీకు నచ్చితే నచ్చనియ్యి, నేను కాదనను.

రామారావును కృష్ణుడు అనేదానికి అప్పుడు ఎవురూ ఒప్పుకోలేదంట. అంతకు ముందు ఇంకో సినిమాలో ఆ వేషంలో కొంచెంసేపు కనపడితే జనం ఎగతాళి చేసినారని ఆయనే జంకినాడంట. వెంకటరెడ్డి పట్టినపట్టు వదల్లేదు. కిరీటం, నామం, నగలు అన్నీ దగ్గరుండి కుదిర్చినాడు. ఆ తర్వాత మన ఇండ్లల్లో దేవుని పటానికే రామారావు మొగమొచ్చింది. మీ ముత్తవ్వ పెట్టెలో ఒక క్యాలెండర్ బొమ్మ ఉండె, దానికి రోజూ పూలు పెట్టేది. అది ఎవురి బొమ్మో ఆమెకు తెలుసో లేదో!

అందరికంటే మీద కూర్చోబెట్టాల్సింది శశిరేఖ వేసిన సావిత్రిని. ఘటోత్కచుడే శశిరేఖ వేషంలో ఉంటాడు గదా, ఆ మొగం ఆడపిల్లది, నడక రాకాసిది. ఘటోత్కచుడు వేసిన రంగారావు భుజాలు యెట్ల ఎగరేస్తాడో, గొంతులో యెట్ల ‘హుం’ అంటాడో, ఆమె అచ్చం అట్లనే చేస్తాది. మల్ల ఎవురన్నా వస్తే టక్కున సిగ్గుపడే పెండ్లికూతురు. పెండ్లిపీటల మీద లక్ష్మణకుమారుని కాలు తొక్కే కాడ మన డేరాలో తాడు తెగిపోయింది, ఆడోళ్ళూ మొగోళ్ళూ ఒకటే నవ్వు. రేలంగి ఆ లక్ష్మణకుమారుడు. కౌరవుల రాజకుమారుణ్ని అంత మొద్దుగా చేసి చూపిస్తే, ఆయన మీద ఎవురికీ కోపమే రాదు.

పింగళి మాటల సంగతి మీకు చెప్పే పన్లేదు. గింబళి, గిల్పం, వీరతాడు అని మీరే పొద్దున్నుంచి అరుస్తాండారు. మాటల్ని ఎవురో పుట్టించకపోతే యెట్ల పుడతాయని ఆ సినిమాలో ఘటోత్కచుడే అడుగుతాడు గదా. ఆయన అట్ల పుట్టించి వదిలినాడు, మనం ఇంట్లో పెట్టుకున్నాం.

భోజనం పాట అయిపోంగానే జనం లేచి నిలబడేవాళ్ళు, మల్ల వెయ్యమని. వెయ్యకపోతే తడికెలు పీకేవాళ్ళు. మూడు నిమిషాల పాట, అంటే 270 అడుగులు వెనక్కి తిప్పాల, ఆ తిప్పేది నేను. రెండోసారి గూడా అడిగితే డేరా ఓనరు డీజిలు డబ్బా వైపు చూసి తల అడ్డంగా ఊపేవాడు. 2013లో సిఎన్ఎన్-ఐబిఎన్ టీవీ వాళ్ళు దేశమంతా ఓట్లు అడిగితే, భారతదేశంలోనే అన్నిటికంటే గొప్ప సినిమా మాయాబజార్ అన్నారు. నాకు కొత్తగా అనిపించలేదు. మా తడికెలు ఆ ఓటు ఎప్పుడో వేసినాయి.

తర్వాత 1961లో జగదేకవీరుని కథ. అదీ భలే ఆడింది. ఆ సినిమాలో రామారావు ఐదు మందిగా మారి, ఒకరు పాడతా, ఒకరు మద్దెల వాయిస్తా, ఒకే తెర మీద కూర్చునే పాట ఉంది. ఘంటసాల గొంతు, పెండ్యాల బాణీ. ఒక్క ఫిలిం మీద అన్నిసార్లు బొమ్మ పట్టేటప్పుడు ఎవురి చెయ్యీ ఇంకొకరి మీదికి పోగూడదు. వాచీ లేనోడు ఆ పాట తియ్యలేడు.

ఆడినుంచి కొంచెం కొంచెం జారుడు. 1965లో సత్యహరిశ్చంద్ర. రామారావే, విజయా వాళ్ళే, దుడ్డు బాగ పెట్టినారు. నడవలేదు. చిత్రమేమంటే, అదే ఏడు అదే విజయా వాళ్ళు కన్నడంలో అదే కథ రాజ్‌కుమార్‌తో తీసినారు, హుణసూరు కృష్ణమూర్తి డైరెక్టర్. అది పేరు మోగిపోయింది. మనది బళ్ళారి పక్క జిల్లా గదా, మనోళ్ళు కన్నడం సినిమా చూసొచ్చి తెలుగు సినిమాను తిట్టినారు. నేను రెండూ చూసినా. రామారావు తోటరాముడు లెక్క ఉన్నోడు, ఆయన్ను కాటికాపరిగా నిలబెట్టి ఏడిపిస్తే మనోళ్ళకు ఎక్కలేదు. రాజ్‌కుమార్ ఏడిస్తే కన్నడమోళ్ళు కూడా ఏడుస్తారు. నా లెక్క అది, మీరు ఇంకోటి చెప్పినా వింటా.

1968లో రెండు వచ్చినాయి. భాగ్యచక్రం, ఉమాచండీగౌరీశంకరుల కథ. రెండూ పాయె. శివుడు, శాపం, జన్మలు అంటాంటే, అప్పటికి మన పిల్లోళ్ళు గుర్రాల మీద తుపాకులు కాల్చే సినిమాలకు పోతాండ్రి. ఈయన గడియారం అట్లనే నడుస్తాంది, సీను ఇన్ని నిమిషాలు, మాట మారదు. బయట జనం తొందర ఎక్కువైంది. విజయాలో ఆయన సినిమా మల్ల రాలేదు. అన్నేండ్లు పనిచేసిన స్టూడియోలో ఇంగ పిలుపు లేదంటే ఆ మనిషికి యెట్లుంటాది!

అప్పుడు పిలిచింది రామారావే. శ్రీకృష్ణసత్య. సత్యభామ ఎవురనుకుంటున్నారు? జయలలిత, తర్వాత తమిళనాడుకు ముఖ్యమంత్రి అయిన ఆమె. రంగుల సినిమా, 1971 ఆఖర్లో వచ్చింది. దానికి రాసిన పింగళి అంతకు ముందే ఆ ఏడే పోయినాడు, చూసుకోలేదు. సినిమా బాగ ఆడింది. ఇరవై ఏండ్ల కింద తోటరాముణ్ని చేసినాయనకు ఆ తోటరాముడే చివరి సినిమా ఇచ్చినాడు. మరుసటేడు, 1972 సెప్టెంబర్ 15న వెంకటరెడ్డిగారు పోయినారు. అరవై ఏండ్లు, అంతే. మొత్తం మీద తీసింది పద్నాలుగు. ఇప్పటోళ్ళు లెక్కబెడితే తక్కువే.

ఆయన వాచీ మోసిన శిష్యుడు సింగీతం ఉండాడు గదా, 1994లో నాగిరెడ్డిగారి వాళ్ళకే భైరవద్వీపం తీసినాడు, బాలకృష్ణతో. మల్ల మాంత్రికుడు, మల్ల గుహ, మల్ల రాజకుమార్తె. నేను చూసి మురిసిపొయినా. రేపు మీకు పెట్టి చూపిస్తా. కానీ వరసలో చూడాల, ముందు పాతాళభైరవి, తర్వాత జగదేకవీరుడు, అప్పుడు అది. ఇంకోమాట రా చిన్నోడా, పొద్దున నువ్వు రిమోట్ పట్టుకోని పడవ పాట దాటించినావు, నేను చూసినా. రేపు పాటలు దాటించేది లేదు. నిమిషానికి 90 అడుగులు, ఆయన ఒక్కొక్కటీ కొలిచి పెట్టినాడు.